అలవాటు మనిషిది, పట్టు సమూహానిది

భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. తెలుగునాట మొదటి వితంతు వివాహంగా చెప్పుకునే పెళ్ళిని కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో జరిపించింది మాత్రం 1881 డిసెంబరు 11న. చట్టం ఒప్పుకున్న పని ఒక్కసారి జరగడానికి పాతికేళ్ళు పట్టింది. అప్పుడు కూడా పోలీసుల కాపలా, విద్యార్థుల అండ కావాల్సి వచ్చాయి.

ఆ తర్వాత జరిగింది మరీ ముఖ్యం. వీరేశలింగానికి ఏ కోర్టూ శిక్ష వేయలేదు. వంటవాళ్ళు రావడం మానేశారు. నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే నీళ్ళు మోసుకొచ్చి, తానే వండి పెట్టింది. పెళ్ళితో సంబంధం పెట్టుకున్నవాళ్ళను వెలివేస్తున్నట్టు శంకరాచార్య పీఠం నుంచి శ్రీముఖాలు (ఆజ్ఞాపత్రాలు) వచ్చేసరికి, మొదట్లో వెన్నుతట్టినవాళ్ళలో చాలామంది ప్రాయశ్చిత్తం చేయించుకుని మళ్ళీ కులంలో కలిసిపోయారు.

దీన్ని పిరికితనం అని తేల్చేయడం సులువు. కానీ వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి కావాల్సిన కూతుళ్ళు ఉన్నారు. ఏటా పెట్టాల్సిన తద్దినాలు ఉన్నాయి. వెలి పడితే కూతురికి సంబంధం రాదు, తద్దినానికి భోక్తలు దొరకరు, ఇంట్లో ఎవరైనా పోతే పాడె మోయడానికి మనుషులు రారు. వితంతు వివాహం మంచిదేనన్న వాళ్ళ అభిప్రాయం రాత్రికి రాత్రి మారిపోయి ఉండదు. ఆ అభిప్రాయంతో బతికే వీలు లేకుండా పోయింది, అంతే.

మనిషి చేసే పనిని అతని గుణంగా చూడడం మనకు బాగా అలవాటు. ఒకడు తాగుబోతు, ఒకడు కట్నాలకు ఆశపడేవాడు, ఒకామె నోరు విప్పదు. గుణం అనుకున్నాక మనం చేయగలిగేది ఆ మనిషిని కూర్చోబెట్టి బుద్ధి చెప్పడమే. చెప్తూనే ఉంటాం, ఫలితం ఉండదు. ఎందుకంటే ప్రవర్తనలో పెద్ద భాగానికి తాళంచెవి ఆ మనిషి దగ్గర ఉండదు, అతను ఎవరి మధ్య బతుకుతున్నాడో వాళ్ళ దగ్గర ఉంటుంది. తెలుగు సమాజం గత నూట యాభై ఏళ్ళలో చూసిన కొన్ని మార్పులను, మారకుండా మిగిలిపోయిన కొన్నింటిని ఈ కోణం నుంచి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి.

ఎవరూ చెప్పకుండానే నేర్చుకునేది

కింద పడి ఉన్న పుస్తకానికి కాలు తగిలితే మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళ చెయ్యి దానంతట అదే కిందికి పోతుంది. పుస్తకాన్ని తాకి కళ్ళకద్దుకుంటుంది. దేవుడు లేడని వాదించేవాళ్ళ చెయ్యి కూడా చాలాసార్లు అలాగే పోతుంది. రెండు మూడేళ్ళ వయసులో ఎవరో "తప్పు, దణ్ణం పెట్టుకో" అని ఉంటారు. ఎందుకో చెప్పి ఉండరు. ఆ పాఠం బుర్ర కంటే ముందు ఒంటికి ఎక్కేసింది.

సమాజం పిల్లలకు నేర్పేదాంట్లో ఎక్కువ భాగం ఇలాగే, చేయించి నేర్పుతుంది. తాతయ్యకు నమస్కారం పెట్టిస్తారు. ఎడమచేత్తో డబ్బులిస్తే వెనక్కి తీసుకుని కుడిచేత్తో ఇప్పిస్తారు. మగపిల్లాడు ఏడిస్తే "ఆడపిల్లలా ఏంట్రా ఆ ఏడుపు" అంటారు. ఆడపిల్ల గట్టిగా నవ్వితే "ఏంటా నవ్వు, నలుగురూ వింటారు" అంటారు. పెద్దయ్యాక ఒకడికి బాధ వస్తే కోపంగా తప్ప చూపించడం చేతకాదు. ఒకామె ఆఫీసు మీటింగులో జవాబు తెలిసీ నోరు విప్పడానికి టెన్షన్ పడుతుంది. అప్పటికి మనం దాన్ని వాళ్ళ స్వభావం అనేస్తాం. పాతికేళ్ళ శిక్షణ ఎవరికీ కనిపించదు.

ఈ శిక్షణ ఎలా పనిచేస్తుందో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ హార్టన్ కూలీ 1902లో వివరించాడు. ఎదుటివాళ్ళకు మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, వాళ్ళు మన గురించి ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాం, దాన్నిబట్టి మనమీద మనకు గర్వమో సిగ్గో పుడుతుంది. అతని తర్వాత అమెరికన్ తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ ఇంకాస్త లోతుకు వెళ్ళాడు. చిన్నపిల్లలు మొదట అమ్మ ఏమంటుంది, నాన్న ఏమంటాడు అన్నంతవరకే ఆలోచిస్తారు. జట్టుగా ఆడే ఆటల్లో పడ్డాక ఒక్కొక్కరు ఏం చేస్తారో, తన నుంచి అందరూ ఏం ఆశిస్తున్నారో ఒకేసారి మనసులో పెట్టుకోవడం నేర్చుకుంటారు. అలా క్రమంగా ఫలానా మనిషి అని లేకుండా అందరిదీ అయిన ఒక చూపు లోపల స్థిరపడుతుంది. "నలుగురూ ఏమనుకుంటారు" అని భయపడే మనిషిని ఆ నలుగురి పేర్లు అడిగితే చెప్పలేడు. ఒంటరిగా గదిలో ఉన్నా వాళ్ళు అతనితోనే ఉంటారు.

ఇదంతా విని, సమాజం అనేది మనిషిని తొక్కిపట్టే బరువు మాత్రమే అనుకోకూడదు. అది లేకపోతే ఏమవుతుందో రొమేనియాలో తెలిసింది. అక్కడ నియంత చౌషెస్కు ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను నిషేధించింది. పెంచలేని తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలతో ప్రభుత్వ ఆశ్రమాలు నిండిపోయాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలాక ఆ పిల్లల స్థితి ప్రపంచానికి తెలిసింది. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన ఒక పరిశోధన 136 మంది ఆశ్రమ పిల్లలను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచింది. ఆశ్రమాల్లో కడుపుకు తిండి, పడుకోవడానికి మంచం ఉన్నాయి. లేనిది తనను చూసి నవ్వే, తన ఏడుపుకు పలికే ఒక మనిషి. అక్కడే మిగిలిపోయిన పిల్లలు తెలివిలో, మాటలో, మనుషులతో అనుబంధంలో వెనకబడ్డారు. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు కోలుకున్నారు, అందులోనూ రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళు ఎక్కువగా. అంటే సంకెళ్ళు వేసే చేతులే నడక కూడా నేర్పుతాయి.

ఆ చేతులే అంటరానితనాన్నీ నేర్పాయి. కులం గురించి పిల్లలకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. టీ దుకాణంలో గ్లాసులు రెండు చోట్ల ఎందుకున్నాయో, తాగిన గ్లాసు ఎవరు కడిగి పెట్టాలో, ఎవరు అరుగు దగ్గరే ఆగిపోతారో పిల్లలు చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఈ శతాబ్దం మొదట్లో విచారణ జరిపినప్పుడు కూడా రెండు గ్లాసుల పద్ధతి ఇంకా ఉందని బయటపడింది. అంబేడ్కర్ చదువుకున్న బడిలో ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చునేవారు. కుళాయిని తాను ముట్టుకోకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి. బంట్రోతు రాకపోతే ఆరోజుకు నీళ్ళు లేవు. ఈ సంఘటనను మనం ఎప్పుడూ ఆ ఒక్క పిల్లవాడి వైపు నుంచే చూస్తాం. ఆ గదిలో మిగతా పిల్లలూ ఉన్నారు, వాళ్ళూ అదే సమయంలో ఒక పాఠం నేర్చుకుంటున్నారు. తాము కుళాయి తిప్పుకోవచ్చు, అతను తిప్పకూడదు, మాస్టారు కూడా ఏమీ అనడం లేదు, కాబట్టి లోకం ఇంతే అని. అంటరానితనం తరం నుంచి తరానికి వెళ్ళింది ముఖ్యంగా ఈ రెండో పాఠం వల్ల.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దర్కహైమ్ 1895లో ఒక మాట చెప్పాడు. సామాజిక కట్టుబాటును పాటిస్తున్నంతకాలం దాని ఒత్తిడి మనకు తెలియదు, ఎదిరించినప్పుడే తెలుస్తుంది. 1985లో కారంచేడులో దళితులు తాగే నీళ్ళ చెరువు దగ్గర పై కులంవాళ్ళు గేదెలను కడుగుతుంటే ఒక దళిత స్త్రీ అడ్డుచెప్పింది. 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న పై కులం యువకుడికి తగలడంతో. రెండు చోట్లా అది హత్యాకాండ వరకు వెళ్ళింది. బయటివాళ్ళకు కారణం చాలా చిన్నదిగా కనిపించింది. ఎవరు అడ్డుచెప్పాలి, ఎవరి కాలు ఎక్కడ ఉండాలి అని ఊరు రాయకుండా రాసుకున్న నియమం తప్పడమే ఆ దాడి చేసినవాళ్ళకు అసలు కారణం.

పక్కన ఒక్కరున్నా చాలు

1950ల మొదట్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమన్నాడు. విడిగా అడిగితే నూటికి ఒక తప్పు కూడా రాలేదు. తర్వాత ఒక గదిలో కొంతమందిని కూర్చోబెట్టి, ఒక్కడు తప్ప మిగతా అందరూ కావాలనే ఒకే తప్పు జవాబు చెప్పేలా ముందే మాట్లాడుకున్నాడు. ఆ ఒక్కడి జవాబుల్లో దాదాపు మూడో వంతు గుంపు చెప్పిన తప్పు వైపు వెళ్ళాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా తమ కళ్ళను కాదని గుంపును నమ్మారు.

ఈ ప్రయోగం గురించి చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆపేసి, మనుషులు గొర్రెల మంద అని తేలుస్తారు. అది అన్యాయం. నలుగురిలో ఒకరు ఒక్కసారి కూడా లొంగలేదు. ఇంకో సంగతి దీనికంటే విలువైనది. గుంపులో ఇంకొక్కడు సరైన జవాబు చెప్పేలా ఏర్పాటు చేసినప్పుడు లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది. తప్పు చెప్పేవాళ్ళ సంఖ్య పెద్దగా తగ్గలేదు, పక్కన ఒక తోడు దొరికింది. అంత మాత్రానికే మనిషి తన కళ్ళను తాను నమ్మగలిగాడు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ చేసిన పని దీనికి చక్కగా అతుకుతుంది. మంచి మాంసం సైన్యానికి పంపాల్సి రావడంతో, ఇళ్ళల్లో గుండె, మూత్రపిండాలు లాంటివి వండేలా అమెరికన్ గృహిణులను ఒప్పించాల్సి వచ్చింది. వాళ్ళకు అవి తినడమంటేనే అసహ్యం. (బోటీ కూరను, కార్జం వేపుడును ఇష్టంగా తినేవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. అసహ్యం కూడా నేర్చుకునేదేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.) కొంతమంది గృహిణులకు నిపుణులు ఉపన్యాసం ఇచ్చారు. పోషక విలువలు, దేశానికి చేసే సేవ, వండే పద్ధతి, అన్నీ చెప్పారు. వాళ్ళలో తర్వాత ఆ మాంసం వండినవాళ్ళు 3 శాతం. మరికొంతమందిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, "మనలాంటి ఇళ్ళల్లో ఇది చేయగలమా, మొగుళ్ళు ఏమంటారు, వాసన ఎలా పోతుంది" అని వాళ్ళలో వాళ్ళనే మాట్లాడుకోనిచ్చి, చివర్లో ఎవరెవరు వండుతారో చేతులెత్తమన్నారు. వాళ్ళలో 32 శాతం మంది వండారు.

ఉపన్యాసం విన్నామె ఇంటికి ఒంటరిగా వెళ్తుంది. వండితే వింతగా చూస్తారేమో అన్న బెరుకు అలాగే ఉంటుంది. గుంపులో మాట్లాడినామె ఇంకో పదిమంది చేతులు లేవడం కళ్ళారా చూసి వెళ్తుంది. సమాచారంలో పెద్ద తేడా లేదు. మన దగ్గర ప్రభుత్వ శాఖలు, బళ్ళు, స్వచ్ఛంద సంస్థలు అవగాహన సదస్సుల పేరుతో పెట్టే ఖర్చులో ఎంత భాగం ఆ 3 శాతం దారిలో పోతోందో ఎవరైనా గట్టిగా లెక్కేయాల్సిన అవసరం ఉంది.

నెల్లూరులో జరిగింది

సిద్ధాంతాలు పక్కన పెట్టి చూసినా, సమూహం మనిషి ప్రవర్తనను ఎలా మార్చగలదో తెలుసుకోవడానికి నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం కంటే మంచి ఉదాహరణ దేశంలోనే అరుదు.

ఉద్యమానికి ముందు ఊళ్ళో తాగుడు ఎలా నడిచేదో చూడాలి. పని దిగగానే సారా దుకాణం దగ్గర కలవడం, ఒకరు ఇంకొకరికి పోయించడం, మర్నాటి పని కబుర్లు, అప్పు సర్దుబాట్లు, అన్నీ అక్కడే. రాకుండా ఇంటికి పోయేవాణ్ణి పెళ్ళాం చాటు మొగుడని ఎగతాళి చేసేవాళ్ళు. తాగుడు మానాలంటే ఆ మనిషి సారాను వదులుకుంటే సరిపోదు, తన మనుషులనే వదులుకోవాలి. పెళ్ళాం ఏడ్చినా, డాక్టరు చెప్పినా మానలేకపోవడానికి శరీరం మరగడం ఒక కారణమైతే ఇది రెండో కారణం. అటు ఇంట్లో ఆడవాళ్ళ పరిస్థితి కూడా ఒంటరితనమే. కూలి డబ్బులు పోవడం, దెబ్బలు తినడం ప్రతి ఇంట్లోనూ ఉంది. కానీ ప్రతి ఆడమనిషీ అది తన తలరాత అని, బయటికి చెప్తే తన ఇంటి గుట్టు పోతుందని అనుకుంది. పక్కింటామెకు కూడా అదే జరుగుతోందని తెలిసినా, ఇద్దరూ కలిసి దాని గురించి నోరు విప్పే చోటు లేదు.

ఆ చోటును అక్షరాస్యత ఉద్యమం ఇచ్చింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు మొదలయ్యాయి. లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు చదివిన పాఠాల్లో సీతమ్మ కథ ఒకటి. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఏకమై సారా దుకాణం మూయించిన కథ అది. అక్షరాలు ఎంతమందికి వచ్చాయన్నది వేరే లెక్క. రోజూ ఒకచోట కూర్చుని తమ బతుకు గురించి తామే మాట్లాడుకోవడం అన్నది ఆ ఊళ్ళ ఆడవాళ్ళ జీవితంలో కొత్త. లెవిన్ పేరు అక్కడ ఎవరూ విని ఉండరు. అతను కష్టపడి ఏర్పాటు చేసిన గుంపు చర్చ ఇక్కడ దానంతట అదే జరిగింది.

కలిగిరి మండలంలోని దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందుండగా ఆడవాళ్ళు సారా దుకాణాన్ని ఎత్తేయించారు. ఆ కబురు ఊరూరా పాకింది. అందులోని బలం, పాఠంలో ఉన్న సీతమ్మ ఇప్పుడు పక్క ఊళ్ళోనే నిజంగా ఉందన్న సంగతి. యాష్ ప్రయోగంలో పక్కన సరైన జవాబు చెప్పిన ఆ ఒక్కడి పాత్ర ఇక్కడ ఒక ఊరు పోషించింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. చీపురుకట్టలు, కారప్పొడి పట్టుకుని వంతులవారీగా ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు. సారా పాకెట్లు తెచ్చేవాళ్ళను తరిమారు. మాట వినని తాగుబోతులకు కొన్నిచోట్ల గుండు కొట్టించారు, గాడిద మీద ఊరేగించారు.

ఈ చివరి సంగతి ఇబ్బంది పెట్టేదే, దాన్ని దాటేయకూడదు. మనిషిని నలుగురిలో అవమానించడం ఎవరు చేసినా అది హింసే. అయితే అది ఆ ఆడవాళ్ళు కొత్తగా కనిపెట్టిన శిక్ష కాదు. ఊరు ఎప్పటినుంచో ఆడవాళ్ళ మీద, దళితుల మీద ప్రయోగిస్తూ వచ్చిన పరికరమే ఇప్పుడు చేతులు మారింది. అంతవరకు తాగనివాడు నవ్వులపాలయ్యాడు, ఇప్పుడు తాగినవాడు నవ్వులపాలయ్యాడు. చాలామంది మగవాళ్ళు నీతి తెలిసి మానలేదు, దుకాణం దగ్గర గుంపే లేకపోవడంతో మానారు. కొందరు లోలోపల ఊపిరి పీల్చుకుని ఉంటారు కూడా, మానడానికి గౌరవంగా చెప్పుకోదగ్గ కారణం దొరికినందుకు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 చివర్లో ఎన్నికలు గెలిచిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆదాయం పోవడం, దొంగసరుకు పొరుగు రాష్ట్రాల నుంచి రావడం లాంటి కారణాలు చెప్పారు, అవి నిజమే. వాటి వెనక ఇంకోటి ఉంది. ఊరి ఆడవాళ్ళ చేతిలో ఉన్న కాపలా నిషేధం వచ్చాక ఎక్సైజు శాఖ చేతికి పోయింది. చట్టం వచ్చేసిందిగా అని రాత్రి కూటాలు పలచబడ్డాయి. రాజమండ్రిలో చట్టం ఉండి సమూహం లేదు. నెల్లూరులో సమూహం ఉన్నన్నాళ్ళూ చట్టం లేకపోయినా పని జరిగింది, చట్టం వచ్చి సమూహం తప్పుకున్నాక పని ఆగింది.

ఆ ఒత్తిడి ఎవరి చేతిలో ఉంది

నెల్లూరు కూటాలు పూర్తిగా చెదిరిపోలేదు. మిగిలిన కూలి డబ్బుల్లోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలుగా మారాయి. తర్వాత రాష్ట్రమంతటా వ్యాపించిన మహిళా పొదుపు సంఘాలకు అదొక పునాది. బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చోవడానికే జంకిన ఆడవాళ్ళు పదిమందిగా వెళ్ళి అప్పు మాట్లాడి వచ్చారు. తీసుకున్న అప్పు తీర్చారు కూడా, ఎందుకంటే తాను కట్టకపోతే పక్కామెకు అప్పు పుట్టదు, రేపు నీళ్ళ దగ్గర ఆమె మొహం చూడాలి.

సరిగ్గా ఇదే పట్టును ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు గమనించాయి. తాకట్టు అక్కర్లేదు, అయిదుగురు ఆడవాళ్ళు ఒకరికొకరు జామీను ఉంటే చాలన్నాయి. ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగతా నలుగురినీ ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు. డబ్బు వచ్చేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళడానికి లేదు. నిన్నటిదాకా పిల్లలకు పాలు అడిగి తెచ్చుకున్న ఇళ్ళ వాళ్ళే ఇవాళ గుమ్మంలో తిడుతుంటే భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఈ వసూళ్ళకు అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది.

అవే ఊళ్ళు, అదే సిగ్గు, పక్కవాళ్ళ మాటకు ఇచ్చే అదే విలువ. రాత్రి బడి నుంచి పుట్టిన గుంపులో నియమం పెట్టింది అందులో ఉన్నవాళ్ళే, కష్టం వస్తే దాన్ని మార్చుకోగలరు. అప్పు గుంపులో నియమం కంపెనీ ఆఫీసు నుంచి వచ్చింది, అమలు చేసే పని మాత్రం ఆడవాళ్ళ మీద పడింది. సమూహ ఒత్తిడి మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. ఆ నియమం గురించి నోరెత్తే హక్కు అందులో అందరికీ ఉందా, నచ్చకపోతే బయటికి వచ్చి బతికే దారి ఉందా అని అడగాలి. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు తమ తీర్మానాన్ని ఒప్పుకోని కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించిన వార్తలు తరచూ వస్తుంటాయి. వాళ్ళకు కిరాణా సరుకులు అమ్మకూడదు, వాళ్ళ పొలం పనికి వెళ్ళకూడదు, వాళ్ళతో మాట్లాడితే జరిమానా. పేరులో అభివృద్ధి ఉన్నా ఇది 1881 నాటి వెలి పద్ధతే. మహారాష్ట్ర శాసనసభ ఇలాంటి సాంఘిక బహిష్కరణను నేరంగా పరిగణిస్తూ 2016లో ప్రత్యేక చట్టం చేసింది. అలాంటిది తెలుగు రాష్ట్రాలకూ కావాలి. బయటికి వచ్చే దారి తెరిచి ఉంచడం చట్టం బాగా చేయగలిగిన పని.

కట్నం ఎందుకు కదలడం లేదు

ఆంధ్రప్రదేశ్ తన సొంత వరకట్న నిషేధ చట్టాన్ని 1958లోనే చేసింది. దేశమంతటికీ 1961లో వచ్చింది. అయినా ఏ పెళ్ళి చూపుల్లోనైనా ఆ ప్రస్తావన రాకుండా ఉండడం అరుదు. అమెరికాలో ఉద్యోగం చేసే అబ్బాయి అయితే మాట మర్యాదగా ఉంటుంది, అంకె పెద్దదవుతుంది.

కట్నం మన రక్తంలోనే ఉందనేవాళ్ళు ఒక్కసారి నూట ముప్పై నలభై ఏళ్ళు వెనక్కి చూడాలి. ఉత్తరాంధ్ర బ్రాహ్మణ కుటుంబాల్లో అప్పుడు డబ్బు అటు నుంచి ఇటు వచ్చేది. ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి పెళ్ళి చేసుకునే కన్యాశుల్కం నడిచేది. విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళకు లెక్క తీయిస్తే అలాంటి పెళ్ళిళ్ళు 1,034 తేలాయి. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆనాటి తండ్రులకు అది ఆచారం, అనాది నుంచి వస్తున్నది. వాళ్ళ మునిమనవళ్ళకు కట్నం ఆచారం, అనాది నుంచి వస్తున్నది. నాలుగు తరాలు తిరక్కుండానే తలకిందులైన దాన్ని ఎవరూ రక్తానికి ముడిపెట్టలేరు.

కట్నం నిలిచి ఉండడానికి దాన్ని అందరూ ప్రేమిస్తూ ఉండాల్సిన పని లేదు. విడిగా అడిగితే ఎక్కువమంది తల్లిదండ్రులు ఇది పోతే బాగుండు అంటారు. కానీ ఆడపిల్ల తండ్రి ఒక్కడే ఇవ్వనంటే కూతురి పెళ్ళి ఆగుతుంది. మగపిల్లాడి తండ్రి ఒక్కడే వద్దంటే, "అబ్బాయిలో ఏదో లోపముందేమో" అని బంధువులే ఆరా తీస్తారు. ఇద్దరిలో ఎవరు ముందు కదిలినా వాళ్ళకే నష్టం. కాబట్టి మనసులో ఇష్టం లేని పనిని అందరూ కలిసి కాపాడుతుంటారు.

చైనాలో ఆడపిల్లల పాదాలు పెరగకుండా చిన్నప్పుడే గట్టిగా కట్టేసే ఆచారానిదీ ఇదే చిక్కు. పాదాలు కట్టని పిల్లకు మంచి సంబంధం రాదు. పదిహేడో శతాబ్దంలో అప్పుడు చైనాను ఏలుతున్న మంచూ పాలకులు నిషేధిస్తే ఫలితం లేక కొన్నేళ్ళకే వెనక్కి తీసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టిన సంఘాలు వేరే దారి పట్టాయి. అందులో చేరే కుటుంబం రెండు మాటలు ఇవ్వాలి. మా కూతుళ్ళ పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను మా కొడుకులకు చేసుకోం. రెండో మాటలోనే అసలు కీలకం ఉంది. కూతురి పాదాలు కట్టని తండ్రికి సంబంధం దొరికే చోటును ఆ సంఘమే తయారుచేసింది. ఉత్తర చైనాలోని టింగ్‌సియెన్‌ ప్రాంతంలో 1889లో 99 శాతం ఆడపిల్లలకు ఉన్న ఆచారం 1919 నాటికి కొత్త పిల్లల్లో పూర్తిగా పోయింది. వెయ్యేళ్ళదని చెప్పుకున్నది ముప్పై ఏళ్ళలో.

మన కట్న వ్యతిరేక ప్రచారంలో ఎక్కువగా మాట ఇచ్చేది పెళ్ళి కాని కాలేజీ విద్యార్థులు. వాళ్ళ నిజాయితీని శంకించక్కర్లేదు, కానీ బేరం వాళ్ళ చేతిలో ఉండదు. ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునే కుటుంబాలు మాట ఇస్తేనే లెక్క మారుతుంది. అలాంటి కుటుంబాలు ఒకచోట చేరేది ఇవాళ కుల సంఘాలు పెట్టే వివాహ పరిచయ వేదికల్లో, లేదా మ్యాట్రిమోనీ సైట్లలో. కుల సంఘాలు కులపు గోడను గట్టిపరిచేవే, ఆ అభ్యంతరం బరువైనది. కులాంతర వివాహాలు చేసుకున్న కుటుంబాలు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు పట్టణాల్లో చాలామందే ఉన్నారు కాబట్టి, అలాంటివాళ్ళు తమలో తాము సంబంధాలు కలుపుకునే సంఘాలుగా ఏర్పడితే ఆ చిక్కు తప్పుతుంది. ఏ వేదికైనా, మగపిల్లాడి తల్లిదండ్రులు ముందు నిలబడాలి, పదిమంది ముందు చెప్పాలి, ఒకరిద్దరుగా కాకుండా ఒకేసారి చెప్పాలి.

ఆ మాటలో ఇంకో వాక్యం కూడా ఉండాలి. "కట్నంగా ఇచ్చేశాం కదా" అని చెప్పి ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఎగ్గొట్టడం మన ఇళ్ళల్లో మామూలు. ఎన్టీఆర్ హయాంలో ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశం ఆ పని 2005లో చేసింది. అయినా పుట్టింటి వాటా అడిగిన ఆడపిల్లను అన్నదమ్ములు ఆశపోతు అంటారు, బంధువులు ఆమె ఇంటికి రాకపోకలు తగ్గిస్తారు. అందుకని కట్నం తీసుకోం అన్నదానితో పాటు, మా కూతురి వాటాను ఆమె పేరు మీదే రిజిస్టర్ చేస్తాం అని కూడా అదే పదిమంది ముందు చెప్పించాలి. మొదటి మాట ఒక్కటే ఉంటే, కట్నమూ లేక వాటా కూడా రాక ఆడపిల్ల వట్టి చేతులతో అత్తారింటికి వెళ్తుంది.